ప్రపంచానికి మనమిచ్చిన ‘పిట్ట’

బోర్నియో దీవిలో చినుకు తెరిపివ్వని పల్లపు వానడవి. నడిమధ్యాహ్నం కూడా చీకటిగానే ఉంటుంది. కుళ్లిన ఆకుల మీద ఓ చిన్న పక్షి గెంతుకుంటూ వస్తుంది. ముక్కుతో ఆకు తిరగేస్తుంది, కింద దాక్కున్న పురుగును లాగుతుంది, మళ్లీ గెంతుతుంది. చెట్టుచాటున ఊపిరి బిగబట్టి కూర్చున్న ఇంగ్లండు పర్యాటకుడు పక్కవాడి చెవిలో ఏమంటాడో తెలుసా? ‘పిట్ట’ అంటాడు!

జపానులో వేసవి అడవులకొచ్చే దాని చుట్టాన్ని చూసిన శాస్త్రవేత్తా ‘పిట్ట’ అనే రాసుకుంటాడు. ఆస్ట్రేలియాలోనూ, ఆఫ్రికాలోనూ అదే మాట. ఇదేదో కాకతాళీయంగా కుదిరిన పోలిక కాదు. అచ్చంగా మన పిట్టే. పిట్టకథ, పిట్టగోడ, పిట్టలదొర, ‘పిట్ట కొంచెం కూత ఘనం’ అనుకునే మన ఇంటి మాటే పక్షిశాస్త్రంలో ఓ పెద్ద కుటుంబానికి పేరై కూర్చుంది. ఆ కుటుంబంలో నలభైకి పైగా జాతులున్నాయి. ఎక్కువ భాగం ఆగ్నేయాసియా పల్లపు వానడవుల్లోనే బతుకుతాయి. రెండు మాత్రం ఆఫ్రికాలో ఉన్నాయి. అన్నింటికీ ఇంటిపేరు తెలుగే.

తీరా ఆ పేరు పెట్టించిన అసలు పక్షి మన డెల్టా మీదుగానే ఏటా రెండుసార్లు ప్రయాణిస్తుంది. బందరులోనో, గుడివాడలోనో, అవనిగడ్డలోనో అదెలా ఉంటుందని అడిగి చూడండి. పదిమందిలో ఒకరు చెబితే గొప్పే.

పాలెంలో పుట్టిన పరిచయం

మచిలీపట్నంలో తిరిగేవాళ్లకు కొన్ని పేటల పేర్లు వింతగా వినిపిస్తాయి. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట. వలందులంటే డచ్చివాళ్లు, పరాసులంటే ఫ్రెంచివాళ్లు. సన్నటి బట్టల కోసం, రంగుల అద్దకం కోసం సముద్రం దాటి వచ్చిన ముగ్గురూ ఇక్కడ తలా ఓ పేట కట్టుకున్నారు. వాళ్లు పోయారు, పేటలున్నాయి. చెక్కిన రాళ్లతో డచ్చివారి సమాధులూ ఇంకా ఉన్నాయి. ఇంత చరిత్ర ఉన్న ఊరికి వచ్చినవారిలో చాలామంది లడ్డూ పొట్లం కట్టించుకుని తిరుగు బస్సెక్కేయడం వేరే సంగతి.

ఇంగ్లిషువాళ్ల ఓడ బందరు రేవుకు వచ్చింది 1611లో. కోరమండల్ తీరంలో వాళ్ల తొలి స్థావరాల్లో ఇదొకటి. తర్వాత ఇంకాస్త దక్షిణాన అనువైన చోటు వెతుక్కుంటూ పోయి 1639లో దామెర్ల నాయకుల దగ్గర ఓ ఇసుకనేల సంపాదించారు. ఆ నాయకులు తెలుగువారు. వారి తండ్రి చెన్నప్ప నాయకుడి పేరుమీదే అది చెన్నపట్నమైంది. 1641లో కంపెనీ పెద్ద కచేరీ బందరు నుంచి అక్కడి సెయింట్ జార్జి కోటకు మారిపోయింది. తెల్లవాళ్లతో వ్యవహారం నడిపిన తెలుగు మాట కూడా చెన్నపట్నం వీధుల్లో గట్టిగానే వినిపించేది.

పిట్ట కథ మొదలయ్యేది ఆ కోటలోనే. 1700 ప్రాంతాల్లో అక్కడ ఎడ్వర్డ్ బక్లీ అనే వైద్యుడుండేవాడు. రోగుల్ని చూస్తూనే చుట్టుపక్కల పక్షుల బొమ్మలు, వాటి స్థానిక నామాలు సేకరించి లండనులోని జేమ్స్ పెటివర్‌కు పంపేవాడు. పెటివర్ మందుల వ్యాపారి. ప్రపంచం నలుమూలల నుంచీ సీతాకోకచిలుకలు, ఆకులు, గవ్వలు పోగేసే పిచ్చి ఆయనకు. జాన్ రే అనే మహాపండితుడు పక్షుల మీద రాసిన లాటిన్ గ్రంథం ఆయన చనిపోయాక 1713లో అచ్చయింది. దానికి అనుబంధంగా పెటివర్ ఈ మద్రాసు పక్షుల్ని చేర్చాడు. భారతదేశపు పక్షుల బొమ్మలు ఐరోపాలో అచ్చుకెక్కిన తొలి సందర్భాల్లో అదొకటి. అందులో ఓ పొట్టితోక పక్షి పేరు ‘పొన్నంకి పిట్ట’. లాటిన్ మాటల నడుమ, ఇంగ్లిషువాడి చెవికి వినబడినట్టుగా రాసిన తెలుగు!

మనవాళ్లు దీన్ని పొన్నంకి పిట్టనీ, పొలంకి పిట్టనీ, పొన్నంగి అనీ అంటారు. ఆ పేరు ఎవరు చెబితే బక్లీ రాసుకున్నాడో పుస్తకంలో లేదు. కోట బయట వలవేసి పిట్టలు పట్టే మనిషో, బంగళాలో నీళ్లు మోసే కుర్రాడో అయ్యుండాలి. ‘ఇదేంటి?’ అని దొర అడిగితే ‘పొన్నంకి పిట్టండీ’ అని ఉంటాడు. పేరు పెట్టినవాళ్లకు శిలాఫలకాలుంటాయిగానీ చెప్పినవాళ్లకు ఎక్కడుంటాయి!

తర్వాత కథ కాస్త తమాషాగా నడిచింది. జీవుల్ని వర్గాలుగా విడగొట్టిన లిన్నేయస్ 1766లో ఈ పక్షిని ఏ కోవలో వేయాలో తేలక కాకుల్లో కలిపేశాడు. పదేళ్లకు మరొకాయన కాకులు కాదని మరో జట్టులో చేర్చాడు. చివరికి 1816లో లూయీ పియేర్ వియో అనే ఫ్రెంచి పండితుడు ‘ఇది వేరే రకం, దీనికో సొంత ప్రజాతి ఉండాలి’ అని తేల్చి దానికి ‘పిట్ట’ అని నామకరణం చేశాడు. లిన్నేయస్ పెట్టిన ‘పొట్టితోకది’ అన్న మాట వెనక మిగిలింది. అలా మన పక్షి శాస్త్రీయనామం పిట్ట బ్రాకియూరా అయింది. బందరులో పరాసుల పేట ఉన్నందుకు ఆ మాత్రం రుణం తీర్చుకున్నారనుకోవచ్చు!

తొమ్మిది రంగులు, రెండు కూతలు

చూడ్డానికి గుప్పెడు. పొడవు జానెడు కూడా లేదు. వీపు ఆకుపచ్చ, రెక్కల అంచున మెరిసే నీలం, పొట్ట పసుపు కలిసిన గోధుమ వన్నె, తోక కింద కుంకుమ ఎరుపు. కంటిమీదుగా కాటుక దిద్దినట్టు నల్లటి పట్టీ, దానిపైన తెల్లటి గీత. హిందీవాళ్లు నౌరంగ్ అంటారు. ఇన్ని రంగులుండీ కనబడదు. ఎందుకంటే ఎండ పొడ అక్కడక్కడా పడే ఆకుల నేలలో ఆ రంగులన్నీ కలిసిపోతాయి.

దీని బతుకంతా నేలమీదే. పొదల నీడలో, రాలిన ఆకుల్లో చెదలు, పేడపురుగులు, వానపాములు ఏరుకు తింటుంది. రాత్రికి మాత్రం చెట్టెక్కి పడుకుంటుంది. కూత తెల్లవారుజామునా పొద్దుగూకేవేళా ఎక్కువ. రెండు సుతులుగా గట్టిగా ఈల వేస్తుంది. తమిళులు దీన్ని ‘ఆరుమణి కురువి’ అంటారు. అంటే ఆరు గంటల పిట్ట! గడియారాలు లేని రోజుల్లో అదే గడియారమన్నమాట. శ్రీలంకలో ఇంకా మంచి కథ ఉంది. ఒకప్పుడు నెమలి దీని అందమైన బట్టల్ని కాజేసిందట. అప్పట్నుంచీ ‘నా బట్టలు, నా బట్టలు’ అని ఫిర్యాదు చేస్తూనే ఉందట. ఒంటిమీద మిగిలినవే ఇన్ని రంగులైతే పోయినవి ఎన్నో మరి!

గూడు కట్టేది వానాకాలంలో. హిమాలయాల పాదాల అడవులు, మధ్య భారతం, పడమటి కనుమలు దానికి పుట్టిళ్లు. కొమ్మరెమ్మలు, ఆకులు పోగేసి పక్కనుంచి దారి ఉండే గుండ్రటి గూడు కడుతుంది. నాలుగైదు గుడ్లు పెడుతుంది. చలికాలానికి దక్షిణాది అడవులకూ, శ్రీలంకకూ దిగిపోతుంది. మళ్లీ ఎండలు ముదిరాక వెనక్కి. పొట్టితోక, చిన్న గుండ్రటి రెక్కలు... సుదూర ప్రయాణానికి చేసిన ఒళ్లు కాదది. అయినా రాత్రిళ్లు ఎగురుతూ వెళుతుంది. అలిసి ఎక్కడ దిగితే అక్కడే ఆ పగలు తలదాచుకుంటుంది.

చిక్కంతా ఆ పగటితోనే.

దిగడానికో దొడ్డి

తూర్పు తీరం వెంబడి సాగే పక్షికి కృష్ణా డెల్టా దారిలోని ఊరు. పైనుంచి చూస్తే పచ్చగానే ఉంటుంది. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఇక్కడి నేల వరికి అంకితమైపోయింది. కానీ వరి పచ్చదనం వేరు, పొన్నంకి పిట్టకు కావలసిన పచ్చదనం వేరు. దానికి నీడ కావాలి. నీడ కింద తీయకుండా వదిలేసిన ఆకుల దుప్పటి కావాలి. అందులో పురుగులుండాలి.

వెనకటి డెల్టా ఊళ్లలో అలాంటి మూలలు ఉండేవి. చెరువుగట్టున రావీ వేపా, శ్మశానం పక్క చింతలు, కాలువగట్టు పొదలు, పెంకుటింటి వెనక మామిడి, పనస, వెదురు కలిసిన దొడ్డి. ఎత్తయిన దిబ్బల మీద తాళ్లు, తుమ్మలు. గుడివాడలో బౌద్ధస్తూపం ఉన్న పాతదిబ్బా, ఘంటసాలలో మహాచైత్యం చుట్టుపక్కలా తిరిగితే ఈ పల్లపు సీమలో ఎత్తునేలకు మనుషులు ఎంత విలువిచ్చారో అర్థమవుతుంది. వరదొచ్చినా మునగని చోటే ఊరు, గుడి, తోపు. పిట్టకూ అదే కావాలి.

గుడివాడ దాటి నందివాడ వైపు బండి పోనిస్తే ఇప్పుడు రోడ్డుకు రెండు పక్కలా చేపల చెరువులే. కొల్లేటి దాకా అద్దం పరిచినట్టుంటుంది. గట్ల మీద చెట్టన్నది అరుదు. ఆకులు నీళ్లలో రాలితే చేపకు మంచిది కాదనీ, చెట్టుంటే చేపల్ని తినే పక్షులు వాలతాయనీ రైతు భయం. ఆ భయం ఉత్తది కాదు, నీటికాకుల గుంపు వాలిందంటే నష్టమే. పెద్ద పక్షుల సంగతి నలుగురికీ తెలుసు. కైకలూరు దగ్గర ఆటపాకలో గూళ్లు పెట్టే గూడబాతుల్ని చూడటానికి జనం పిల్లల్ని తీసుకుని వెళతారు. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాకెక్కింది. ఆక్రమణల చెరువుల్ని కొట్టేసిన 2006 నాటి రభసా గుర్తుంది. కానీ నీళ్లలో కాక నీడలో బతికే చిన్న పక్షికి అభయారణ్యం గీతలు పెద్దగా అక్కరకు రావు. దానికి కావలసింది ఎవరి దొడ్లోనో పదిగజాల చెత్త.

పురుగులు తినే పిట్టలన్నిటి కష్టమూ ఒకటి కాదు. పొలాల్లో గేదె వీపెక్కి తిరిగే ఏట్రింతను చూడండి. నల్లటి ఒళ్లు, చీలిన తోక. పసుల పోలిగాడని ముద్దుపేరు. కరెంటు తీగలు రావడం దానికి పండగే అయింది. అక్కణ్నుంచి దూకి గాల్లోనే పురుగును అందుకుంటుంది. వరికోతలయ్యాక దివిసీమ మాగాణుల్లో మినుము మొలుస్తుంది. ఆ చేలల్లో కర్రలు పాతి ‘పక్షి స్థావరాలు’ పెట్టమని వ్యవసాయశాఖ చెప్పేది ఈ ఏట్రింతలాంటి వాటి కోసమే. పురుగుమందు ఖర్చు కొంతైనా తగ్గుతుంది. తీగమీద వరసగా కూర్చునే పచ్చటి పసిరిక పిట్టలూ, విసనకర్రలా తోక విప్పుతూ పెరట్లో నాట్యం చేసే దాసరి పిట్టా మనిషి పక్కనే సర్దుకున్నాయి. పాలపిట్ట సంగతి చెప్పక్కర్లేదు. దసరాకు దాన్ని చూస్తే శుభమని మన నమ్మకం. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షిగా ఉండేది, 2018లో ఆ హోదా రామచిలుకకు పోయింది. పొన్నంకికి మాత్రం తీగా పనికిరాదు, కర్రా పనికిరాదు.

అందుకే వలస రోజుల్లో తీరపు పట్టణాల్లో తరచూ వినిపించే వార్త... వరండాలో రంగురంగుల పిట్ట పడి ఉంది! రాత్రంతా ఎగిరి, దీపాలకు బెదిరి, కిటికీ అద్దానికి కొట్టుకునో, మరీ అలిసిపోయో పడిపోతుంది. కాకులు వెంటబడతాయి. లేదా పిల్లి ముందు చూస్తుంది.

అలాంటిది కనబడితే చేయాల్సింది చాలా తక్కువ. గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి ఉంచాలి, మూత వేసి చీకట్లో వదిలేయాలి. నోట్లో నీళ్లు పోయకూడదు. బియ్యం గింజలు తినదు. పదే పదే మూత తీసి ఫొటోలు తీస్తే ఆ భయానికే చచ్చిపోతుంది. కాస్త తేరుకున్నాక పొద్దువాలే వేళ పొదలున్న చోట వదిలేస్తే దాని దారి అది చూసుకుంటుంది. రెక్క విరిగినట్టుంటే అటవీశాఖకు అప్పగించాలి. అందంగా ఉంది కదాని పంజరంలో పెట్టుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

కాకి హంసయిన చోట

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలి దివిసీమను ఒడిలో పెట్టుకుంటుంది. అవనిగడ్డ దాటి కోడూరు మీదుగా వెళితే చిట్టచివర హంసలదీవి. వేణుగోపాలస్వామి గుడి, దానికి ఆవల పాలకాయతిప్ప, ఆ తర్వాత సాగరసంగమం. జనం పాపాలన్నీ కడిగి కడిగి నల్లబడిన గంగ కాకి రూపంలో తీర్థాలన్నీ తిరిగిందనీ, ఈ సంగమంలో మునగగానే తెల్లటి హంసగా మారిందనీ స్థలపురాణం. కాకుల్లో కలిపేసిన పిట్ట యాభై ఏళ్లకు సొంత పేరు తెచ్చుకున్న సంగతి ఇక్కడ గుర్తొస్తే తప్పులేదు.

నాగాయలంక నుంచి పడవెక్కితే మరో లోకం. ఎదురుమొండి దీవి, నాచుగుంట, ఆ చుట్టూ మడ అడవి. ఊపిరి కోసం బురదలోంచి వేళ్లు పైకి పొడుచుకొచ్చిన మడచెట్లు. పాలు కంట్లో పడితే చూపుకే ముప్పని పడవవాళ్లు దూరంగా తప్పుకునే తిల్లచెట్లు. వానడవి లేని మన డెల్టాలో అడవి అనదగ్గది ఇదే. 1989లో సుమారు 195 చదరపు కిలోమీటర్లు కృష్ణా అభయారణ్యమైంది. చేపలు పట్టే బావురుపిల్లి ఇక్కడి ప్రముఖుడు. బురదమీది కీటకాల కోసం చిన్న పక్షులు రోజంతా కొమ్మల్లో ఆడుతూనే ఉంటాయి. పొన్నంకికి దగ్గరి చుట్టం ఒకటుంది, దాని పేరే మడ పిట్ట. బెంగాల్ సుందరవనాల్లోనూ, ఒడిశాలోని భితరకనికలోనూ పీతల్ని కొట్టుకు తింటూ బతుకుతుంది.

మడ విలువ దివిసీమకు వేరే చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19 రాత్రి సముద్రం ఊళ్లమీద పడింది. అధికారిక లెక్క ప్రకారమే దాదాపు పదివేల మంది పోయారు. పశువులకు లెక్కే లేదు. అంతకు ముందు 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెనలో ముప్పయి వేల మంది పోయారంటారు. అలను ఆపగలిగింది ఏదీ లేదు గానీ మడచెట్ల వరసలు దాని ఊపును విరుస్తాయి. ఉప్పెన తర్వాత తీరం వెంట సరుగుడు తోటలు పెంచారు, చాలాచోట్ల మడ కూడా నాటారు. మరోపక్క రొయ్యల చెరువులు వచ్చి మడను కొంత మింగాయి. మంగినపూడి దగ్గర 2023లో కొత్త రేవు పనులు మొదలయ్యాయి. బందరుకు రేవు కావాలన్నది తరాల కోరిక, కాదనేవాళ్లెవరూ లేరు. రోడ్లూ గోదాములూ వచ్చేటప్పుడు ఏ దిబ్బ మిగులుతుంది, ఏ తోపు పోతుందన్న లెక్క మాత్రం ఎవరైనా రాసిపెట్టుకుంటే బాగుండును.

పల్లపు అడవి పోతే పిట్టలకేమవుతుందో తెలియాలంటే థాయ్‌లాండు వైపు చూడాలి. అక్కడ గర్నీ పిట్ట అని ఒకటుంది. మగదానికి తలమీద నీలం, ఒంటి కిందిభాగంలో పసుపు, నలుపు. పల్లపు వానడవి తప్ప మరో చోటు దానికి తెలియదు. దశాబ్దాల పాటు కనబడక అంతరించిందనే అనుకున్నారు. 1986లో దక్షిణ థాయ్‌లాండులో ఓ చిన్న అడవితునకలో మళ్లీ కనబడింది. 2003లో పక్కనున్న మయన్మార్‌లోనూ దొరికింది. ఆనందం ఎన్నాళ్లో నిలవలేదు. అడవి నరికి రబ్బరు, పామాయిల్ తోటలు వేసుకుంటూ పోయారు. థాయ్‌లాండులో అది దాదాపు కనుమరుగైంది. అక్కడ పామాయిల్ తోట పైనుంచి పచ్చగానే ఉంటుంది, ఇక్కడ మన వరిచేనులాగే.

పొన్నంకి పిట్ట పరిస్థితి అంత ఘోరంగా లేదు. ప్రపంచవ్యాప్త ముప్పు జాబితాలో అది భయపడాల్సిన వరసలో లేదు. అయితే సంఖ్య తగ్గుతోందనే నిపుణుల అంచనా.

చూడాలనుకునేవాళ్లకు రెండే రుతువులు. ఉత్తరానికి వెళ్లేటప్పుడు ఏప్రిల్, మే నెలలు. దక్షిణానికి దిగేటప్పుడు సెప్టెంబరు నుంచి నవంబరు దాకా. విజయవాడ నుంచి గుడివాడ మీదుగా మచిలీపట్నానికి రైలుంది. రోడ్డు మీదైతే పామర్రు మీదుగా సుమారు 70 కిలోమీటర్లు. అవనిగడ్డకు చల్లపల్లి మీదుగా బస్సులు తిరుగుతాయి. మడ అడవిలోకి పడవలో వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి ముందే అడగాలి. పొన్నంకి కోసమైతే అంతదూరం పోనక్కర్లేదు. ఊళ్లోనే పాత తోపు, గుడి వెనక తోట, ఎవరూ ఊడ్వని దొడ్డి చూసుకుని తెల్లవారుజామున ఆరుకు ముందే వెళ్లాలి. వెతకడం దండగ, కదలకుండా కూర్చుని వినాలి. ముందు రెండు సుతుల ఈల వినిపిస్తుంది. తర్వాత ఎక్కడో ఎండుటాకు తిరగబడిన చప్పుడవుతుంది.